పనికిమాలినదాన్నన్న డాక్టరమ్మ



ఈ సంగతి మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో జరిగే ఉంటుంది. కల్యాణదుర్గం వైపు పల్లెనుంచో, మడకశిర, ఉరవకొండ వైపునుంచో ఒక అమ్మాయి ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుని బెంగళూరులో పెద్ద కాలేజీలో సీటు సంపాదిస్తుంది. ఆదివారం పూజ అయ్యాక విచారణ గురువులు ఆ పిల్లను పీఠం దగ్గరకు పిలిచి దీవిస్తారు. తండ్రి బుడ్డలమ్మిన డబ్బుకు కొంత అప్పు కలిపి ఫీజు కడతాడు. మూడు నెలలు తిరక్కుండానే దసరా సెలవులకు ఇంటికొచ్చిన ఆ పిల్ల పెట్టె విప్పదు. అన్నం సరిగా తినదు. సెలవులు రేపటితో అయిపోతాయనగా తల్లి ఒళ్ళో తలపెట్టుకుని అసలు మాట చెబుతుంది. అక్కడ అందరికీ అన్నీ వచ్చునట, తనకొక్కదానికే ఏమీ రాదట. పొరపాటున తనకు సీటిచ్చారట, ఇవాళ కాకపోతే రేపు ఆ సంగతి బయటపడుతుందట. కాబట్టి ఇక వెళ్ళదట.

ఇది కాలేజీ పిల్లల బాధ మాత్రమే కాదు. కొత్తగా ఉపదేశిగా కుదిరిన యువకుడికి, గుడిలో మొదటిసారి వాక్యం చదవడానికి లేచిన కూలితల్లికి, పొదుపు సంఘానికి లీడరుగా ఎన్నికైన అక్కకు, ఆసుపత్రిలో మొదటి రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు లోపల ఇదే గుబులు. నేను ఈ చోటికి తగను, నలుగురూ నన్ను ఏదో అనుకుంటున్నారు, నా అసలు రంగు ఎప్పుడో తెలిసిపోతుంది అన్న భయం.

1978లో అమెరికాలో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ భయానికి ఒక పేరు పెట్టారు. చదువులోను, ఉద్యోగంలోను బాగా రాణించిన స్త్రీలే, లోలోపల తాము దొంగవేషం వేసుకుని తిరుగుతున్నామని బాధపడటం వాళ్ళు గమనించారు. పేరు కొత్తదే గాని బాధ పాతది. మండే పొద ముందు నిలబడ్డ మోషే తనకు మాట తిరగదని దేవునితో వాదించాడు. యిర్మీయా తాను కుర్రవాణ్ణని వెనకాడాడు. సర్వేశ్వరుడు వాళ్ళ మాట కాదనలేదు, అలాగని వాళ్ళను వదిలిపెట్టనూ లేదు. మోషేను ఆయన అడిగింది ఒక్కటే, నీ చేతిలో ఉన్నదేమిటని. ఉన్నది గొర్రెలు కాసే కర్ర. ఆ కర్రతోనే పని మొదలైంది.

ఈ వారం మీకు చెప్పబోయేది తన చేతిలో ఉన్నదాన్ని అలాగే పట్టుకుని మన తెలుగు నేలకు వచ్చిన ఒక డాక్టరమ్మ కథ. గుంటూరులో సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రి ఎరిగినవాళ్ళకు ఆమె పేరు తెలుసు. ఆమె సిస్టర్ డాక్టర్ మేరీ గ్లోరీ. తన జీవితకథకు ఆమె పెట్టుకున్న పేరు వింటే మీరు ఆశ్చర్యపోతారు. దాన్ని తెలుగులో చెప్పుకోవాలంటే, దేవుని పనికిమాలినది.

మేరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బిర్రెగర్రా అనే ఊళ్ళో పుట్టింది. తొమ్మిదిమంది పిల్లల్లో మూడవది. తల్లిదండ్రులు ఎడ్వర్డు, మార్గరెట్టు ఐర్లండునుంచి వలస వచ్చిన కథోలిక వంశాలవాళ్ళు. మేరీ చిన్నతనంలోనే ఆ కుటుంబం వాచెమ్ అనే చిన్న ఊరికి మారింది. అది గోధుమ పండే మెట్టప్రాంతం. వాన పడితే పంట, పడకపోతే దుమ్ము. మన పీఠభూమి సంగతి తెలిసిన మీకు ఆ ఊరిని నేను వర్ణించి చెప్పనక్కరలేదు. పైగా 1895 నుంచి 1902 వరకు ఆ దేశపు తూర్పు భాగాన్ని ఒక మహా కరువు పట్టి పీడించింది. గొర్రెల మందలు చచ్చిపోయాయి, ఎంతోమంది రైతులు భూములు వదిలి వెళ్ళిపోయారు. ఎనిమిదేళ్ళ వయసునుంచి పదిహేనేళ్ళ వయసు వరకు మేరీ చూసిన లోకం అది.

ఆ ఇంట్లో రాత్రిపూట అందరూ కలిసి జపమాల చెప్పుకునేవారు. మంచి గురువులను, మంచి డాక్టర్లను ఇమ్మని కూడా ఆ తల్లి పిల్లలచేత రోజూ ప్రార్థన చేయించేది. డాక్టరు దొరకని దూరపు పల్లెలో ఆ ప్రార్థన ఎందుకు పుట్టిందో మనకు అర్థమవుతుంది. అయితే తాము కోరుతున్న డాక్టర్లలో ఒకరు ఆ జపమాల చుట్టూ కూర్చున్న పిల్లల్లోనే ఉన్నారని అప్పుడు ఎవరనుకుంటారు?

మేరీ చదువులో చురుకైనది. పదమూడేళ్ళకే పరీక్ష రాసి స్కాలర్‌షిప్ సంపాదించి, పైచదువుకు మెల్‌బోర్న్ నగరానికి వెళ్ళింది. వాచెమ్‌నుంచి మెల్‌బోర్న్ సుమారు 300 కిలోమీటర్లు. మన అనంతపురంనుంచి బెంగళూరు ఉన్నదానికన్నా ఎక్కువ దూరం. ఇల్లు, అమ్మ, ఎనిమిదిమంది తోబుట్టువులు, అన్నీ వెనకే ఉండిపోయాయి. నగరంలో పుట్టి పెరిగిన పిల్లల మధ్య ఈ మెట్టపల్లె పిల్ల కూర్చుంది. ఇంకొక స్కాలర్‌షిప్‌తో విశ్వవిద్యాలయంలో చేరింది. మొదట తీసుకున్నది సాహిత్యం, కళల చదువు. తరువాత తండ్రి ప్రోత్సాహంతో వైద్యవిద్యకు మారింది.

ఆ రోజుల్లో ఆడపిల్ల వైద్యం చదవడమంటే ఏమిటో ఒక్క విషయం చెబుతాను. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వైద్యవిద్యలో స్త్రీలను చేర్చుకోవడం మొదలుపెట్టింది 1887లో. అంటే మేరీ పుట్టిన ఏడాదే. ఆమె తెల్లకోటు వేసుకునేనాటికి ఆ దారికి వయసు ఇరవై ఏళ్ళు మాత్రమే. 1910లో పట్టా చేతికి వచ్చింది. పట్టా వచ్చినా డాక్టరమ్మలకు ఆసుపత్రుల్లో చోటు దొరకడం కష్టం. మేరీగారు సముద్రం దాటి న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో పనిచేసి అనుభవం సంపాదించారు. తిరిగివచ్చి మెల్‌బోర్న్‌లో కంటి ఆసుపత్రిలోను, పేదలు వచ్చే సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలోను పనిచేశారు. పెద్ద డాక్టర్లుండే కాలిన్స్ వీధిలో సొంత ప్రాక్టీసు కూడా పెట్టారు. నలుగురూ గొప్పదనుకునే జీవితం స్థిరపడింది.

అప్పుడు, 1915లో, ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అది డాక్టర్ ఆగ్నెస్ మెక్లారెన్ గురించినది. స్కాట్లాండుకు చెందిన ఆగ్నెస్, తమ దేశంలో స్త్రీలకు వైద్యవిద్య దొరకకపోతే ఫ్రాన్సు వెళ్ళి డాక్టరయ్యారు. అరవై ఏళ్ళు దాటాక కథోలిక శ్రీసభలో చేరారు. ముసలితనంలో భారతదేశానికి వచ్చి ఇక్కడి తల్లుల, పసిబిడ్డల గతి కళ్ళారా చూశారు. మగడాక్టరు చేయి తగలనివ్వని ఇళ్ళలో, ప్రసవం కష్టమైతే తల్లీబిడ్డా కలిసి చనిపోవలసిందే. అక్కడికి వెళ్ళి పనిచేయగలిగింది ఆడడాక్టర్లు మాత్రమే. ఆ పుస్తకం చదివిన మేరీగారు మోకాళ్ళమీద పడి ప్రార్థించారు. తన జీవితం ఎందుకో ఆమెకు ఆ రోజు తెలిసింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇలాంటి పిలుపు వచ్చినప్పుడు మనలో చాలామంది చేసే పని రెండింటిలో ఒకటి. నేనెక్కడ, అదెక్కడ అని పుస్తకం మూసేయడం ఒకటి. ఉడుకురక్తంతో ఆ రాత్రే బయలుదేరి సగం దారిలో కూలబడటం రెండోది. మేరీగారు రెండూ చేయలేదు. ఆ పిలుపుకూ, ఆమె ఓడ ఎక్కడానికీ మధ్య నాలుగేళ్ళు దాటాయి. మొదటి ప్రపంచయుద్ధం జరుగుతున్నది, మగడాక్టర్లు యుద్ధానికి వెళితే నగరంలో మిగిలినవాళ్ళమీద రెట్టింపు పని పడింది. ఆ పని చేస్తూనే, 1916లో ఏర్పడిన కథోలిక స్త్రీల సేవాసంఘానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. రాత్రుళ్ళు పుస్తకాలు ముందేసుకుని, భారతదేశంలో అవసరమయ్యే కాన్పుల వైద్యం, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం ఎంచుకుని, 1919లో ఎం.డి. పట్టా సాధించారు. పనికిమాలినదాన్ననుకున్న మనిషి ఆ మాట చెప్పుకుంటూ కూర్చోలేదు. లోటు ఎక్కడుందో చూసుకుని పూడ్చుకున్నారు, బలం ఎక్కడుందో చూసుకుని దానికి పదును పెట్టారు.

1920 ఫిబ్రవరి 12న ఆమె గుంటూరు చేరారు. వయసు 32. తెలుగు మాట ఒక్కటి కూడా పుట్టుకతో వచ్చింది కాదు. 1904 నుంచి గుంటూరులో సేవచేస్తున్న హాలండు దేశపు యేసు మరియ జోసఫ్ సభలో, అంటే మనం జె.ఎం.జె. సిస్టర్లని పిలుచుకునే సభలో చేరి, తిరుహృదయ మరియమ్మగా పేరు మార్చుకున్నారు.

ఇప్పుడు ఆమె నిలబడ్డ చోటు ఎంత ఇరుకైనదో చూడండి. డాక్టర్ల మధ్య ఆమె ఒక ఆడది. మఠకన్యల మధ్య ఆమె ఒక డాక్టరు. తెలుగువాళ్ళ మధ్య ఒక విదేశీయురాలు, హాలండు సిస్టర్ల మధ్య ఒక ఆస్ట్రేలియా మనిషి. అన్నిటికీ మించి, మఠకన్యలు వైద్యవృత్తి చేపట్టడాన్ని, ముఖ్యంగా కాన్పులు చేయడాన్ని ఆనాటి శ్రీసభ నియమాలు ఒప్పుకోలేదు. ఆ నిషేధం తొలగింది 1936లో. దానికి ఎంతో ముందే, బెనెడిక్టు 15వ పాపుగారు ప్రత్యేక అనుమతి ఇస్తే మేరీగారు మఠకన్యగా ఉంటూనే డాక్టరుగా పనిచేశారు. ఆ దారిలో ఆమెకు ముందు నడిచినవాళ్ళు లేరు. ఇలాంటి సిస్టరు ఎలా ఉండాలో చూసి నేర్చుకోవడానికి కళ్ళముందు మరొకరు లేరు. నేను ఈ చోటికి తగనేమో అన్న అనుమానం రావడానికి ఇంతకన్నా కారణాలు ఎవరికి ఉంటాయి?

ఆమె చేసిందల్లా తన చేతులకు ఏది వచ్చో దాన్ని చేయడం. వచ్చింది వైద్యం. చిన్న డిస్పెన్సరీగా ఉన్నది ఆమె కాలంలో సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిగా పెరిగింది. చాలా ఏళ్ళు అక్కడ ఆమె ఒక్కరే డాక్టరు. తెల్లవారకముందే గుమ్మం దగ్గర జనం. కంటిపొరలు, పుండ్లు, జ్వరాలు, అడ్డం తిరిగిన కాన్పులు. ముప్పైఏడేళ్ళలో లక్షలాది రోగులు ఆ చేతుల వైద్యం పొందారు. ఆ మెట్టపల్లె పిల్ల మెల్‌బోర్న్‌లో నేర్చుకున్న కంటి వైద్యం, గుంటూరు జిల్లా ముసలమ్మలకు మళ్ళీ మనవల ముఖాలు చూపించింది.

తనకు రానిదానికి ఆమె ఏం చేశారు? ఒక్క మనిషి ఇరవైనాలుగు గంటల్లో చేయలేనిది ఉంటుంది. దాన్ని చూసి ఆమె చేతకానిదాన్నని కుంగిపోలేదు. ఇక్కడి అమ్మాయిలను కూర్చోబెట్టి నర్సులుగా, మంత్రసానులుగా, మందులిచ్చేవాళ్ళుగా తయారుచేశారు. తన లోటును మరొకరి బలానికి చోటుగా మార్చారు. ఇది చాలామంది గొప్పవాళ్ళకు కూడా చేతకాని పని. ఎందుకంటే తనకు అన్నీ వచ్చని నిరూపించుకోవాలనుకునే మనిషి పక్కవాడికి పని నేర్పలేడు.

1943లో, దేశంలో ఎక్కడికక్కడ విడివిడిగా పనిచేస్తున్న కథోలిక ఆసుపత్రులను ఒక్క తాటిమీదకు తేవాలని, మరికొందరు సిస్టర్లను కూడగట్టి భారత కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. దాని కేంద్రం తరువాత సికింద్రాబాదుకు వచ్చింది, సభ్య సంస్థలు వేలల్లోకి పెరిగాయి. మన దేశంలో కథోలిక వైద్య కళాశాల ఒకటి ఉండాలని కూడా ఆమె కలగన్నారు. ఆ కల ఆమె ఉండగా నిజం కాలేదు. కేన్సరుతో చాలాకాలం బాధపడి 1957 మే 5న బెంగళూరులో ప్రభువునందు నిద్రించారు. ఆరేళ్ళ తరువాత, 1963లో, అదే బెంగళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల తలుపులు తెరుచుకున్నాయి. మన ప్రాంతంనుంచి జబ్బుమనిషిని తీసుకుని రాత్రి రైలెక్కి ఆ ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు మీలో ఎంతమందో ఉన్నారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా గుర్తించింది.

ఇంత చేసిన మనిషి తన జీవితకథకు పెట్టుకున్న పేరు మళ్ళీ ఒకసారి తలచుకోండి. ఆమె తనను పనికిమాలినదన్నారు. కాని ఆ మాటకు ముందు ఇంకొక మాట ఉంది. దేవుని పనికిమాలినది. ఆ ముందుమాటలోనే ఆమె రహస్యమంతా ఉంది. నేను ఎంతదాన్ని అన్న లెక్క ఆమె వేసుకోలేదు. నేను ఎవరిదాన్ని అన్నది తెలుసుకున్నారు. గొప్పదాన్ని కాకపోయినా పరవాలేదు, ఆయన దాన్నైతే చాలు. నా విలువ ఎంతో తేల్చే పని నాది కాదు, నాకిచ్చిన పని చేయడమే నాది. ఈ మాట మనసులో నాటుకున్న మనిషికి అసలు రంగు బయటపడుతుందన్న భయం ఎందుకుంటుంది? దాచిపెట్టినదేమీ లేదు గదా.

వినయమని మనం అనుకునేదాంట్లో రెండు రకాలున్నాయి. క్రీస్తునాధుడు చెప్పిన ధనపు సంచుల ఉపమానంలో మూడో సేవకుడు కూడా తనను పెద్దగా అనుకున్నవాడు కాదు. భయపడ్డాడు, గుంట తవ్వి యజమాని సొమ్ము పూడ్చిపెట్టాడు. యజమాని అతణ్ణి మందలించింది తక్కువ సంపాదించినందుకు కాదు, అసలు చేయి కదపనందుకు. మేరీగారూ తనను తక్కువగానే అనుకున్నారు. కాని ఇచ్చినదాన్ని పూడ్చిపెట్టలేదు. పైకి రెండూ ఒకేలా కనబడతాయి. ఒకటి భయం, ఒకటి వినయం.

మన నేలనే చూడండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఎర్రనేల ఇది. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే తమ బరువు దించుకుని మన దగ్గరకు వచ్చేసరికి ఖాళీ అయిపోతాయి. అయినా ఈ నేలలో వరి రాదని దీన్ని ఏ రైతూ పనికిమాలినదనడు. గోదావరి డెల్టాతో పోల్చి చూసి తలపట్టుకోడు. ఈ నేలకు ఏది వస్తుందో అది వేస్తాడు. బుడ్డలు, కొర్రలు, కందులు. బుడ్డచెట్టు తీరు మీకు తెలిసిందే. పూత పైన పూస్తుంది, ఊడ దిగి కాయ మట్టిలో పడుతుంది. పైనుంచి చూసి ఏ చెట్టుకింద ఎన్ని కాయలున్నాయో ఎవరూ చెప్పలేరు. పీకి చూసినరోజే తెలుస్తుంది. పిల్లలూ అంతే. మీరూ అంతే.

అందుకని, పెట్టె విప్పని పిల్ల మీ ఇంట్లో ఉంటే రెండు పనులు చేయకండి. నీ అంతటిది ఎవరూ లేరని పొగడకండి, ఆ పిల్ల నమ్మదు. మన బతుకులకు ఆ చదువులెందుకులే, వచ్చేయమని అనకండి, ఆ పిల్ల నమ్ముతుంది. ఆ ఒక్క మాటతో పూడ్చిపెట్టబడిన పిల్లలు మన విచారణల్లో కొందరున్నారు. వాళ్ళకు ఇప్పుడు నలభై ఏళ్ళు, యాభై ఏళ్ళు. వాళ్ళు చెప్పరు గాని ఆ మాట మరిచిపోలేదు.

దానికి బదులు, పక్కన కూర్చుని అడగండి. నీకు ఏది బాగా వచ్చు? తోటిపిల్లలు ఏ పనికి నీ దగ్గరకు వస్తారు? మొన్నటికన్నా ఇవాళ ఏం నేర్చుకున్నావు? కాగితంమీద రాయించండి. పెద్దపెద్దవి ఉండనక్కరలేదు. లెక్కలు తప్పు పోకుండా చేస్తాను, జబ్బుపడ్డ స్నేహితురాలికి అన్నం తెచ్చిపెట్టాను, తెల్లవారుజామునే లేవగలను. ఇవి చాలు. ఇంగ్లీషు సరిగా రాకపోతే అది కూడా రాయించండి. కాని దానిపక్కనే, ఎవరిని అడిగి నేర్చుకోవాలో రాయించండి. రానిది నేర్చుకోవలసిన పాఠమే గాని, చేసిన నేరం కాదు. ఎం.డి. పట్టా ఉన్న డాక్టరమ్మ కూడా గుంటూరులో మన భాషలో ఒక్కొక్క మాటే కూడబలుక్కోవలసి వచ్చింది.

పెద్దలకు కూడా ఇదే మందు. వాక్యం చదవడానికి లేచి కాళ్ళు వణికిన తల్లీ, నీ గొంతు పక్క ఊరి ఉపాధ్యాయురాలి గొంతులా ఉండనక్కరలేదు. పొలంగట్టున నీవు పాడే గొంతే దేవుడు విన్న గొంతు. లీడరుగా ఎన్నికైన అక్కా, పత్రాలు చదవడం నీకు కష్టమైతే చదివేవాళ్ళను పక్కన పెట్టుకో. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో నీకు తెలుసు, అందుకే నిన్ను ఎన్నుకున్నారు.

ఈ రాత్రి కుటుంబ జపమాలలో, గ్లోరీగారి ఇంట్లో చెప్పుకున్నట్టే, మంచి గురువులకోసం, మంచి డాక్టర్లకోసం ఒక మంగళవార్త జపం కలిపి చెప్పండి. ఇంకొకటి, తమకిచ్చిన చోటికి తాము తగమని భయపడుతున్న పిల్లలకోసం చెప్పండి. చెప్పి లేచాక, ఆ మూల ఉన్న పెట్టె ఒకసారి చూడండి. విప్పి ఉతికిన బట్టలు మడతపెట్టి మళ్ళీ సర్దండి. పైన కాసిని వేయించిన బుడ్డలు మూటకట్టి పెట్టండి. పొద్దున బస్సుకు టైమవుతుంది.